హెడ్‌లైట్ బల్బు మారిస్తే దారి కనిపిస్తుందా?

కారు కొన్నాక జనం మొట్టమొదట పెదవి విరిచేది చాలాసార్లు లైట్ల విషయంలోనే. షోరూమ్‌లో పట్టపగలు చూసి కొంటాం. ఓ రాత్రి సూర్యాపేట దాటాక వాన పట్టుకుంటేనో, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాటులో ఎదురుగా లారీ వస్తేనో అసలు సంగతి తెలుస్తుంది. మర్నాడే బండి కార్ డెకార్ షాపు ముందు ఆగుతుంది. అక్కడ సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. వంద వాట్ల హాలోజెన్ వేసుకోండి, ఎల్ఈడీ వేసుకోండి, హెచ్ఐడీ కిట్ పెట్టించుకోండి, ఏకంగా లెన్సుతో ఉండే ప్రొజెక్టరే బిగించుకోండి. "పగల్లా ఉంటుంది సార్" అన్న హామీ మాత్రం అన్నిటికీ ఒకటే.

ఈ నాలుగు మార్గాలనూ, షాపుల్లో సాధారణంగా వినిపించని అయిదో మార్గాన్నీ ఇక్కడ మూడు ప్రశ్నలతో పరిశీలిస్తున్నాను. దూరాన రోడ్డు మీద వెలుగు నిజంగా పెరుగుతుందా? చట్టం ఒప్పుకుంటుందా? ఎదురొచ్చేవాళ్ల కళ్ల సంగతేమిటి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాలోజెన్ కార్లలో చాలావాటికి కొత్త బల్బు కంటే ముందు కావలసింది, కంపెనీ ఇచ్చిన వెలుగులో మనం పోగొట్టుకున్నదాన్ని తిరిగి రాబట్టుకోవడం. ఆ తర్వాత కూడా చాలకపోతే వేయాల్సింది అదే రకం, అదే వాటేజీ ఉన్న మంచి హాలోజెన్ బల్బు. హాలోజెన్ కోసం తయారైన రిఫ్లెక్టర్ గిన్నెలో ఎల్ఈడీనో హెచ్ఐడీనో దూర్చడం మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా తప్పే.

ఎందుకు తప్పో తెలియాలంటే ఓ హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూడాలి. మన రోడ్ల మీద కొన్నేళ్ల పాటు చిన్న కార్లలో ఎక్కువగా కనిపించింది ఇదే. వెనక మూడు పిన్నులు, ముందు గాజు గొట్టం, కొనకు నల్ల రంగు. గొట్టం లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. 60 వాట్లది హై బీమ్‌కు, 55 వాట్లది లో బీమ్‌కు. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న దోనె ఆకారంలో లోహపు రేకు ఒకటి ఉంటుంది. కిందికి పోయే వెలుగును ఆ రేకు ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టర్ పై భాగానికి మాత్రమే వెలుగు తగిలి, అక్కడి నుంచి రోడ్డు మీదికి వంగి పడుతుంది. ఆ రేకు అంచు కాస్త వాలుగా ఉండటం వల్లే మన దేశంలో బీమ్ ఎడమ పక్కకు కొంచెం పైకి లేచి, రోడ్డు వారన నడిచే మనిషినీ మైలురాయినీ చూపిస్తుంది. కుడి వైపు మాత్రం ఎదురొచ్చే బండి డ్రైవర్ కంటికి తగలకుండా కిందికే ఉంటుంది.

ఈ ఏర్పాటంతా ఫిలమెంట్ ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. అందులో మిల్లీమీటరులో కొన్ని వంతులు తేడా వచ్చినా బీమ్ చెదిరిపోతుంది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి మడతనూ ఆ సన్నటి తీగ చుట్టనే దృష్టిలో పెట్టుకుని డిజైన్ చేశారు. కాబట్టి హెడ్‌లైట్ అంటే బల్బు ఒక్కటే కాదు. బల్బు, రిఫ్లెక్టర్, అద్దం, బల్బుకు అందే వోల్టేజీ, లైటు బిగించిన కోణం, ఇవన్నీ కలిస్తేనే హెడ్‌లైట్. డబ్బా మీద ఎన్ని ల్యూమెన్లు అచ్చు వేసినా, ఆ వెలుగు రోడ్డు మీద ఎక్కడ పడుతుందన్నది ఆ అంకె చెప్పదు.

ఇక అంకెల సంగతి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టుల దగ్గర హెచ్4 బల్బు హై బీమ్‌లో 1650, లో బీమ్‌లో 1000 ల్యూమెన్లు ఇవ్వాలి. ఇతర రకాల బల్బుల్లో హెచ్7 అయితే 1500, హెచ్11 అయితే 1350. ఈ అంకెలకు కొద్దిపాటి హెచ్చుతగ్గుల వెసులుబాటు మాత్రమే ఉంటుంది. అంటే చట్టబద్ధమైన హెచ్4 బల్బు ఏ కంపెనీది కొన్నా మొత్తం వెలుగు దాదాపు ఒక్కటే. మరి "150 శాతం అదనపు వెలుగు" అన్న ప్రకటనల అర్థమేమిటి? ఆ మాట మొత్తం వెలుగు గురించి కాదు. ఫిలమెంట్‌ను బిగుతుగా, కురచగా చుట్టి, గొట్టంలో గ్యాస్ ఒత్తిడి పెంచి, దూరాన రోడ్డు మీద కొన్ని బిందువుల దగ్గర పడే వెలుగును పెంచుతారు. దాన్ని చట్టం అడిగే కనీస స్థాయితో పోలుస్తారు, మామూలు మంచి బల్బుతో కాదు. అందుకే 150 శాతం అన్నది కంటికి ఓ మోస్తరు మెరుగుదలగానే తోస్తుంది. అయినా ఆ మెరుగుదల నిజమైనదే, పడాల్సిన చోట పడేదే. అందుకు చెల్లించే మూల్యం బల్బు ఆయుష్షు. తీగ ఎంత వేడిగా కాలితే అంత త్వరగా తెగుతుంది. ఏళ్ల తరబడి వచ్చే మామూలు బల్బుతో పోలిస్తే ఇవి కొన్ని వందల గంటల్లోనే పోతాయి. రోజూ రాత్రి నడిపేవాళ్లు డిక్కీలో ఓ జత స్పేర్ పెట్టుకోవాలి.

వెలుగు, దూరం లెక్క కూడా ఓసారి చూడాలి. వెలుగు రెట్టింపయితే రెట్టింపు దూరం కనబడుతుందని అనుకుంటాం. కానీ దూరం పెరిగేకొద్దీ వెలుగు దాని వర్గానికి తగ్గట్టు పలచబడిపోతుంది. వెలుగును ఒకటిన్నర రెట్లు చేస్తే దూరం లెక్క ప్రకారం పెరిగేది మహా అయితే 22 శాతం. రెట్టింపు చేస్తే 41 శాతం. దాని పక్కన బ్రేకు లెక్క పెట్టి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే అక్కడికే 33 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి మరో 35 మీటర్లు. మొత్తం 70 మీటర్లకు దగ్గర. వంద వేగంలో ఇదే లెక్క వంద మీటర్లకు చేరుతుంది. ముదురు రంగు బట్టలు వేసుకుని నడిచే మనిషి లో బీమ్‌లో చాలా సందర్భాల్లో అంత దూరం నుంచి కనబడడు. ఏ బల్బూ ఈ లెక్కను తలకిందులు చేయలేదు.

ఇప్పుడు షాపుల్లో వినిపించని ఆ అయిదో మార్గం, అంటే పోగొట్టుకున్న వెలుగును తిరిగి రాబట్టుకోవడం. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు లాభం ఇందులోనే ఉంది.

మొదటిది వోల్టేజీ. హాలోజెన్ వెలుగు వోల్టేజీకి ఎంత లొంగి ఉంటుందో చాలామంది ఊహించరు. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు 16 శాతం తగ్గుతుంది. 10 శాతం తగ్గితే దాదాపు 30 శాతం పోతుంది. పాత కార్లలో బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు స్టీరింగ్ పక్కనున్న స్విచ్ దాకా సన్నటి వైరులో వచ్చి, మళ్లీ ముందుకు బల్బు దాకా పోతుంది. దారిలో కప్లర్లు తుప్పు పడతాయి, స్విచ్‌లోని కాంటాక్టులు కాలిపోతాయి, బాడీకి వేసిన ఎర్త్ వదులవుతుంది. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దీన్ని రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా మల్టీమీటరు పెట్టి బ్యాటరీ దగ్గర ఓసారి, బల్బు వెనక పిన్నుల దగ్గర ఓసారి కొలుస్తాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి, బల్బు దగ్గర 12.2 మాత్రమే వస్తోందనుకుందాం. ఆ బల్బు ఇవ్వాల్సిన వెలుగులో దాదాపు నాలుగో వంతు దారిలోనే పోయినట్టు. తుప్పు గీకి, కప్లర్లు మార్చి, ఎర్త్ సరిచేసి, బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు అందించే, లావు వైరూ ఫ్యూజూ ఉన్న రిలే కిట్ పెడితే బల్బు దగ్గర 13.6 దాకా వస్తుంది. అదే పాత బల్బు ముందటి కంటే 40 శాతానికి పైగా ఎక్కువ వెలుగు ఇస్తుంది. బల్బు రేటింగ్ మారలేదు, బీమ్ ఆకారం మారలేదు.

అయితే రిలే కిట్ అన్ని కార్లకూ పనికిరాదు. కొత్త కార్లలో లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ నడుపుతుంది. అక్కడ మధ్యలో చెయ్యి పెడితే డాష్‌బోర్డు మీద హెచ్చరికలు వస్తాయి, వారంటీ పోతుంది. కొన్ని జపాన్ డిజైన్లలో స్విచ్ నెగటివ్ వైపు ఉంటుంది, అది తెలియకుండా మామూలు కిట్ పెడితే హై బీమ్ సరిగా పనిచేయదు. కొలిచి చూశాకే పని మొదలుపెట్టే మనిషికి బండి అప్పగించాలి. కొలవకుండానే వైర్లు కోయడానికి సిద్ధమయ్యే మనిషి దగ్గర్నుంచి తీసుకొచ్చేయాలి.

రెండోది అద్దం. అద్దం అంటున్నాం కానీ ఇప్పటి హెడ్‌లైట్ల ముందున్నది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. రామగుండం ఎండలోనో రాయలసీమ ఎండలోనో అయిదారేళ్లు నిలబడ్డ కారుకు దాని పైపూత పోయి, ప్లాస్టిక్ పసుపుపచ్చగా, పొగ పట్టినట్టుగా తయారవుతుంది. అమెరికాలోని వాహనదారుల సంస్థ ట్రిపుల్ ఏ 2018లో పరీక్షించి, బాగా మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటిలో అయిదో వంతు వెలుగు మాత్రమే ఇస్తున్నాయని తేల్చింది. అలాంటి లైటులో ఏ బల్బు వేసినా ఏం ప్రయోజనం? పైగా ఆ మసకలోంచి వెలుగు నాలుగు వైపులా చెదిరి ఎదుటివాళ్ల కళ్లలోకే పోతుంది. నీటి ఎమరీ పేపరుతో ముతక నుంచి సన్నం దాకా వరసగా రుద్ది, పాలిష్ పెట్టి, చివర యూవీ కిరణాలను తట్టుకునే క్లియర్ కోటు వేయించాలి. ఆ చివరి పూత లేకుండా రుద్ది వదిలేసినా, ఇంట్లో టూత్‌పేస్టుతో తోమినా కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. లోపలి రిఫ్లెక్టర్ మెరుపుపూత నల్లబడిపోయి ఉంటే మాత్రం రుద్దడం వల్ల ఫలితం లేదు, లైటే మార్చుకోవాలి.

మూడోది కోణం. దీనికి పైసా ఖర్చు లేదు. లో బీమ్ అంచు సాధారణంగా మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగేలా పెడతారు. లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆ అంచు 65 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. అదే మీటరుకు రెండు సెంటీమీటర్లు దిగితే 32 మీటర్లకే ఆగిపోతుంది. చాలా కార్లలో స్టీరింగ్‌కు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న నాబ్ ఉంటుంది. వెనక సీట్లు నిండి, డిక్కీలో సామాను ఉన్నప్పుడు కారు ముందు భాగం పైకి లేస్తుంది కాబట్టి బీమ్‌ను దించడానికి పెట్టింది అది. సర్వీసింగులోనో, కారు తుడిచేటప్పుడో అది 3 మీదికి తిరిగి ఉంటే ఒంటరిగా నడిపే మనిషికి సగం దారి మాయమైపోతుంది. ఆయన బల్బులను తిట్టుకుంటూ ఎల్ఈడీల ధర అడుగుతుంటాడు. దీనికి రెండో పక్కా ఉంది. సంక్రాంతికి అయిదుగురు ఎక్కి, డిక్కీ నింపుకుని, నాబ్ 0 మీదే ఉంచి బయల్దేరితే లో బీమ్ కాస్తా ఎదుటివాళ్లకు హై బీమ్ అవుతుంది.

కోణం చూసుకోవడానికి చదునైన చోట, గోడకు పది మీటర్ల దూరంలో కారు నిలిపి, డ్రైవర్ సీట్లో ఓ మనిషిని కూర్చోబెట్టి, నాబ్ 0 మీద పెట్టి లో బీమ్ వేయాలి. బల్బు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గుర్తు పెట్టుకోవాలి. వెలుగు పై అంచు ఆ గుర్తుకు పది సెంటీమీటర్ల కింద ఉంటే ఒక శాతం వాలు ఉన్నట్టు. మీ కారుకు సరిగ్గా ఎంత వాలు ఉండాలో చాలా మోడళ్లలో హెడ్‌లైట్ మీదో, బానెట్ కింద స్టిక్కర్ మీదో శాతంలో రాసి ఉంటుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఈ మూడూ అయ్యాక బల్బు దగ్గరికి రావచ్చు. కొనేటప్పుడు బల్బు అడుగున వృత్తంలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం, పక్కన ఓ అంకె, హెచ్4 లేదా హెచ్7 అన్న రకం, 60/55 లేదా 55 వాట్లు అన్న అచ్చు ఉన్నాయో లేదో చూడాలి. పేరున్న కంపెనీల పేరుతో నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి తెలిసిన డీలర్ దగ్గరే కొనాలి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. గాజును వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పాడవుతుంది. నీలం పూసి "జెనాన్ వైట్" అని అమ్మే హాలోజెన్ల జోలికి పోవద్దు. ఆ నీలం పూత వెలుగును కలపదు, తెల్లగా కనిపించడం కోసం ఉన్న పసుపు వెలుగులో కొంత మింగేస్తుంది. డబ్బిచ్చి వెలుగు తగ్గించుకోవడమే అది.

పసుపు బల్బుల గురించి కూడా ఓ మాట. పసుపు వెలుగు పొగమంచును చీల్చుకుపోతుందని లంబసింగి, అరకు వైపు తిరిగేవాళ్లు గట్టిగా నమ్ముతారు. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి. అవి ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫ్రాన్స్ 1993 దాకా పసుపు హెడ్‌లైట్లను తప్పనిసరి చేసి, తర్వాత వదిలేసింది. కళ్లకు ఇబ్బంది కాస్త తక్కువగా అనిపించడమే అందులో లాభం. మంచులో పనిచేసేది రంగు కాదు, తక్కువ ఎత్తులో వెడల్పుగా పరుచుకునే ఫాగ్ ల్యాంపు, నెమ్మదిగా నడిపే కాలు.

ఇక షాపువాళ్ల నాలుగు మార్గాలు ఒక్కొక్కటే చూద్దాం. వంద/తొంభై వాట్ల బల్బు పాత తరం డ్రైవర్లకు ప్రియమైనది. వెలుగు పెరిగే మాట నిజం. కానీ 12 వోల్టుల దగ్గర 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగితే, వంద వాట్లది ఎనిమిదికి పైగా లాగుతుంది. అదే వైరులో పుట్టే వేడి మూడు రెట్లు దాటుతుంది. హోల్డర్లు కరుగుతాయి, ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ పూత ఉబ్బుతుంది, వైరింగ్ అంటుకునే ప్రమాదం ఉంటుంది. ఎదుటివాడి కంట్లో పడే చెదురు వెలుగు కూడా అంతే పెరుగుతుంది. డబ్బా మీద "ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మాట నిజాయతీగా రాసిందే, కాబట్టి దాన్ని పట్టించుకోవాలి.

హెచ్ఐడీ అంటే జెనాన్ వాయువులో రెండు మొనల మధ్య మండే విద్యుత్ చాపం. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో కార్లలోకి వచ్చింది. 35 వాట్లతో 3200 ల్యూమెన్లు ఇస్తుంది, సామాన్యమైన విషయం కాదు. అందుకే దాన్ని ఐరోపాలో ఊరికే అనుమతించలేదు. 2000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కు బరువును బట్టి తనంతట తానే కోణం సరిచేసుకునే ఏర్పాటు, లైటు అద్దాన్ని కడిగే ఏర్పాటు ఉండాలని షరతు పెట్టారు. మన షాపుల్లో బిగించే కిట్‌లో ఈ రెండూ ఉండవు. పైగా చాపం ఆకారం ఫిలమెంట్ ఆకారం కాదు, రెండు కొసల దగ్గర ఎక్కువ మెరుస్తుంది. హాలోజెన్ గిన్నెలో పెడితే వెలుగు ఇష్టం వచ్చినట్టు చిమ్ముతుంది. బ్రిటన్‌లో 2021 నుంచి హాలోజెన్ లైటులో హెచ్ఐడీ బల్బు కనిపిస్తే ఏటేటా జరిగే వాహన పరీక్షలో ఆ కారును ఫెయిల్ చేస్తున్నారు.

ఇప్పుడు వాదన ఎక్కువగా జరిగేది ఎల్ఈడీ మీద. ఇక్కడ ఓ తేడా గుర్తు పెట్టుకోవాలి. కంపెనీ నుంచే ఎల్ఈడీ హెడ్‌లైట్‌తో వచ్చిన కారు వేరు, హాలోజెన్ లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చిన కారు వేరు. మొదటిదానిలో లెన్సు, రిఫ్లెక్టర్ ఆ చిప్‌ల కోసమే గీసినవి. రెండోదానిలో గుండ్రటి తీగ వెలగాల్సిన చోట చదునైన పలక మీద రెండు పక్కలా అతికించిన చిప్‌లు వెలుగుతాయి. పైకీ కిందికీ వెలుగు తక్కువ, పక్కలకు ఎక్కువ. వేసిన రాత్రి చూస్తే అబ్బా అనిపిస్తుంది. బండి ముందు పది పదిహేను మీటర్లు తెల్లగా వెలిగిపోతుంది. మోసం అక్కడే ఉంది. దగ్గర్లో వెలుగు ఎక్కువైతే కంటిపాప చిన్నదై, దూరాన మసగ్గా ఉన్నది మరింత చీకటైపోతుంది. వెలుగు ఎక్కువైందన్న ధైర్యంతో వేగం పెరుగుతుంది, కానీ ముందు కనిపించే దూరం పెరగదు.

"ఎల్ఈడీ వేశాక వానలో రోడ్డే కనపడటం లేదు" అన్న ఫిర్యాదు తరచూ వింటుంటాం. తడి తారు రోడ్డు అద్దంలా పనిచేసి వెలుగును మన వైపు తిప్పి పంపకుండా ముందుకు, ఎదురొచ్చేవాళ్ల వైపు పంపేస్తుంది. హాలోజెన్‌కూ ఇదే జరుగుతుంది. కాకపోతే ఎల్ఈడీ బల్బు నుంచి పైకి చెదిరిన తెల్లటి వెలుగు వాన చినుకుల మీద పడి తెరలా నిలబడుతుంది కాబట్టి తేడా ఎక్కువగా తెలుస్తుంది.

అన్ని ఎల్ఈడీ బల్బులూ ఒక్కటేనా అంటే కాదు. 2020లో ఓస్రామ్ కంపెనీ జర్మనీలో ఒక ఎల్ఈడీ హెచ్7 బల్బుకు రోడ్డు అనుమతి సంపాదించింది. తర్వాత ఫిలిప్స్‌కూ వచ్చింది. ఫిలమెంట్‌ను దగ్గరగా అనుకరించేలా చిప్‌లను సన్నగా అమర్చిన బల్బులు అవి. అయినా ఆ అనుమతి బల్బుకు మాత్రమే ఇచ్చింది కాదు. ఏయే కారు మోడల్‌లో, ఏయే హెడ్‌లైట్‌లో పరీక్షించి సరిపోయిందని తేలిందో ఆ జాబితాలో ఉన్నవాటికే వర్తిస్తుంది. అది జర్మన్ అనుమతి, మన రోడ్ల మీద చెల్లదు. "జర్మనీలో అప్రూవ్డ్" అన్న మాట షాపులో వినబడితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

హాలోజెన్ ప్రొజెక్టరులో ఎల్ఈడీ బల్బు వేస్తే లోపలి అడ్డుపలక వల్ల పై అంచు కొంత నిలబడుతుంది. ఎదుటివాళ్లకు ఇబ్బంది రిఫ్లెక్టర్‌లో ఉన్నంత ఉండకపోవచ్చు. కానీ దూరాన పడాల్సిన గట్టి వెలుగు చాలాసార్లు తగ్గిపోతుంది. ఇక హెడ్‌లైట్ విప్పి, లోపల కొత్త ప్రొజెక్టర్ బిగించి, మళ్లీ అతికించే పని వెలుగు పరంగా ఈ నాలుగింటిలోనూ మెరుగైనదే, చేసే చెయ్యి మంచిదైతే. అయినా అది ప్రభుత్వ పరీక్షలో నెగ్గిన లైటును పగలగొట్టి వేరే లైటు తయారుచేయడమే. అంత ఖర్చుకు సిద్ధపడేవాళ్లు అదే మోడల్ టాప్ వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే ఎల్ఈడీ హెడ్‌లైట్ తమ కారుకు పెట్టవచ్చా అని డీలర్‌ను రాతపూర్వకంగా అడగడం మంచిది. వారంటీ, ఇన్సూరెన్సు సంగతి కూడా ఆ కాగితం మీదే తేల్చుకోవచ్చు.

చట్టం మాటకొస్తే, మన దగ్గర లైట్ల వ్యవహారం 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఉంది. 106వ నియమం ప్రకారం ముందు లైటు ఎదుటివాళ్ల కళ్లు చెదరగొట్టకుండా శాశ్వతంగా కిందికి వంచి ఉండాలి, లేదా డ్రైవర్ కిందికి దించగలిగేలా ఉండాలి. కళ్లు అంటే ఎక్కడి కళ్లో కూడా అందులో చెప్పారు. లైటుకు 8 మీటర్ల దూరాన, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉండేవి. 111వ నియమం బండి ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు బిగించడాన్ని నిషేధిస్తుంది. బంపర్ల మీద, క్యారియర్ల మీద ఎల్ఈడీ బార్లు పెట్టుకుని హైవే ఎక్కేవాళ్లు ఇది చదవాలి.

బల్బు మార్పు గురించి రెండు సెక్షన్లు కలిపి చూడాలి. 1988 మోటారు వాహన చట్టంలోని 52వ సెక్షన్ ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. బల్బు రకం ఆర్సీలో రాయరు కదా అని వాదించేవాళ్లున్నారు. కానీ 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఆ సందు మూసేసింది. చట్టమూ నియమాలూ అనుమతించని రీతిలో విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హెడ్‌లైట్ ఏ రకం బల్బుతో పరీక్ష నెగ్గిందో ఆ ముద్ర లైటు మీదే ఉంటుంది. హెచ్4 అన్న ముద్ర ఉన్న లైటులో ఎల్ఈడీ వేస్తే ఆ పరీక్ష ఫలితం ఇక ఆ లైటుకు వర్తించదు. ప్రమాదం జరిగి కేసయితే ఎదుటి పక్షం లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ సమస్యలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది దాని అన్యాయం. మన రెండు తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద రాత్రిపూట కనబడనివి ఎక్కువ. వెనక ఎర్ర లైటు లేని పత్తి ట్రాక్టరు. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న, దాని మీద నల్ల టార్పాలిన్, చుట్టూ రాళ్లు. ఊరి చివర నుంచి ఇంటికి తోలుకొస్తున్న గేదెలు. వెలుగును వెనక్కి పంపని వస్తువులు ఇవన్నీ. ఎదుటి కారు ఎల్ఈడీ వెలుగు కళ్లలో పడ్డ మోటారు సైకిల్ మనిషికి ఆ తర్వాత కొన్ని సెకన్ల పాటు ఇవేవీ కనబడవు. వయసు మీదపడినవాళ్లకూ, శుక్లాలు మొదలైనవాళ్లకూ కళ్లు తేరుకోవడానికి మరింత సమయం పడుతుంది. మనం కొనుక్కున్న వెలుగుకు ఖర్చు పెడుతున్నది చాలావరకు వాళ్లు. నాలుగు వరసల హైవేల్లో డివైడర్ మీద గన్నేరు, బోగన్‌విలియా గుబురుగా ఉన్నంతమేరా ఈ బాధ తెలియదు. ఆ మొక్కలు లేని రెండు వరసల రోడ్డు మీదికి దిగితే తెలుస్తుంది.

అలాగే హై బీమ్ విషయంలో మన అలవాటు పూర్తిగా తలకిందులుగా ఉంది. వీధి దీపాలున్న ఊళ్లో హై బీమ్ వేసి తిరుగుతాం. ఎవరూ లేని చీకటి రోడ్డు మీద లో బీమ్‌తో వంద వేగంలో పోయేవాళ్లూ ఉన్నారు. కంపెనీ మనకు ఉచితంగా, చట్టబద్ధంగా ఇచ్చిన అతి పెద్ద అదనపు వెలుగు హై బీమే. ఎదురుగా బండి లేనప్పుడు, ముందు బండి దగ్గర్లో లేనప్పుడు వాడాలి. ఎదురు లైటు కనిపించగానే డిమ్ కొట్టాలి. ఇక అసలు కారు కొనేటప్పుడే లైట్లు చూసుకోవడం మరో మంచి పని. అమెరికాలోని ఐఐహెచ్ఎస్ అనే రహదారి భద్రతా సంస్థ 2016 నుంచి కార్ల హెడ్‌లైట్లకు మార్కులు వేస్తోంది. అందులో వెలుగుతో పాటు ఎదుటివాళ్ల కళ్లు చెదరకపోవడాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. మొదటి విడతలో పరీక్షించిన 31 మధ్యతరహా కార్లలో ఒక్కదానికే "మంచిది" అన్న రేటింగ్ వచ్చింది. తర్వాత చూస్తే, మంచి రేటింగ్ వచ్చిన లైట్లున్న కార్లు నాసిరకం లైట్లున్నవాటి కంటే రాత్రిపూట పాదచారులను ఢీకొన్న సందర్భాలు 23 శాతం తక్కువని తేలింది. కంపెనీలను సిగ్గుపడేలా చేసి మెరుగుపరిచిన పరీక్ష అది. మన దేశంలోనూ కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ను ఓసారి రాత్రిపూట అడగాలి.

ఇక అధికారుల పక్షాన చేయాల్సింది ఒకటుంది. మన ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. అప్పటిదాకా దాని లైట్ల కోణం చూడమని ఎవరూ పిలవరు. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లే లారీలకు, బస్సులకు హెడ్‌లైట్ పరీక్ష ఉంది. ప్రైవేటు కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం క్రమం తప్పకుండా తీసుకుంటున్నాం. అదే కేంద్రంలో బీమ్ కొలిచే యంత్రం ఒకటి పెట్టి, కోణం ఎంత ఉందో, లైటులో ఉన్న బల్బు దాని మీది ముద్రకు సరిపోతుందో లేదో చూసి సర్టిఫికెట్ మీద రాయిస్తే సరిపోతుంది. కారుకు అయిదు నిమిషాలు పడుతుంది. నాబ్ 3 మీద మర్చిపోయినవాళ్లు అక్కడికక్కడే సరిచేసుకుంటారు. లైటు అద్దం మసకబారినవాళ్లకు ఆ సంగతి కాగితం మీద తెలుస్తుంది. హాలోజెన్ గిన్నెలో ఎల్ఈడీ దూర్చినవాళ్లకు దాన్ని తీసేయమని నోటీసు వెళ్తుంది.